తెలకపిండి తూకం

తణుకు దాటి కాలవ గట్టు వెంబడి పోతుంటే కోళ్ల ఫారాలు కంటికి ఆనకముందే ముక్కుకి తెలిసిపోతాయి. పొడుగాటి షెడ్లు, వాటి ముందు గుడ్ల అట్టలు ఎక్కించుకుంటున్న లారీలు. ఇక్కడి గుడ్డు బెంగాల్, ఒడిశా, అస్సాం దాకా పోతుంది. ఆ షెడ్లకి వెనకగా, కొబ్బరిచెట్ల నీడలో, వంద పెట్టలున్న పాక ఒకటి ఉంది. లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఘాటు లేదు, కళ్లు మండలేదు. కాళ్ల కింద ఊక పొడిపొడిగా ఉంది. రోజూ కడుగుతారా అని అడిగితే ఆ పాక నడిపే పెద్దాయన నవ్వాడు.

“కడిగితే తడుస్తుంది కదండీ, ఇంకా కంపు. ఆ వాసనంటే ఏంటనుకున్నారు బాబూ? మనం డబ్బెట్టి కొన్న ప్రోటీనేనండి అది. కోడి వాడుకోలేక కింద పడేసింది. ఆయ్.”

ఆయన ముప్పయ్యేళ్లు దాణా మిల్లులో మిక్సరు దగ్గర పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు తన పెట్టలకి సేంద్రియ దాణా తనే కలుపుకుంటాడు. పెట్టకి 110 గ్రాముల చొప్పున రోజుకి 11 కిలోలు. మిల్లులో గంటకి టన్నులు కలిపిన చెయ్యి. ఈ 11 కిలోల దగ్గరే ఎక్కువ కష్టపడుతున్నానంటాడు. ఆ మాటలో వినయమేమీ లేదని రెండు రోజులు పక్కన కూర్చుని చూశాక అర్థమైంది.

గుడ్డు పెట్టడం మనకి చాలా మామూలు విషయం. కోడికి మాత్రం పెద్ద కార్ఖానా పని. దగ్గరదగ్గర ఒక రోజులో ఒక గుడ్డు తయారవుతుంది. తెల్లసొన చుట్టడానికి సుమారు 3 గంటలు, పెంకు పోతపోయడానికి 20 గంటలు పడుతుంది. ఒక్కో గుడ్డుతో 6 గ్రాముల పైచిలుకు ప్రోటీన్, 2 గ్రాముల కాల్షియం ఒంట్లోంచి వెళ్లిపోతాయి. రేపటి గుడ్డుకి మళ్లీ మొదట్నించీ. ఇదంతా రావలసింది ఆ 110 గ్రాముల మేతలోంచే.

దాణా బస్తా మీద ప్రోటీన్ ఇంత శాతం అని రాస్తారు. ఆ అంకె సగం నిజమే చెబుతుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. బంతులూ చామంతులూ బుట్టల నిండా ఉన్నా, మధ్యమధ్య కట్టవలసిన మరువం అయిపోతే దండ అక్కడితో ఆగుతుంది. మిగిలిన పూలు వాడి పారబోయడానికే. మొక్కజొన్న, సోయా కలిపిన మేతలో కోడికి అన్నిటికన్నా ముందు అయిపోయే మరువం పేరు మెథియోనిన్. అది తక్కువైతే మిగిలిన అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నా గుడ్డుకి అక్కరకు రావు. కోడి వాటిని విరగ్గొట్టి, నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టలో పంపేస్తుంది. రెట్ట మీద తెల్లగా కనపడేది అదే. అది ఊకలో తడిసి కుళ్లితే అమ్మోనియా. పెద్దాయన చెప్పిన వాసన అక్కణ్ణుంచి వస్తుంది.

మెథియోనిన్‌లో గంధకం ఉంటుంది. 1920ల తొలినాళ్లలో జాన్ హోవర్డ్ ముల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాన్ని పాలలోని కేసీన్ నుంచి విడదీశాడు. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలతో కోడికి గుడ్డు ఒక్కటే కాదు, ఈక కూడా కట్టాలి. ఈక కాలితే వచ్చే ఆ ముక్కు బద్దలయ్యే వాసన గంధకానిదే. మన గోదావరి వాళ్లు కోడిని కాకి, డేగ, నెమలి, పర్ల అని ఈక రంగుని బట్టి పిలిచి, తిథి నక్షత్రాలతో ముడిపెట్టి, కుక్కుట శాస్త్రమే రాసుకున్నారు. ఆ ఈక దేనితో తయారవుతుందన్న శాస్త్రం మటుకు మిల్లులకి వదిలేశాం. మెథియోనిన్ చాలని మందలో పెట్టలు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. ముందు వీపు బోసిపోతుంది, తర్వాత రక్తం కనపడుతుంది. దాన్ని చూసి కోడికి పొగరని ముక్కు కత్తిరిస్తారు.

మిల్లుల్లో దీనికి మందు సులువు. తెల్లటి పొడి, టన్నుకి కిలో, కిలోన్నర. పెట్రోలియం నుంచి తీసిన ప్రొపిలీన్‌ని అక్రోలిన్‌గా మార్చి, దానికి మిథైల్ మెర్కాప్టాన్, హైడ్రోజన్ సైనైడ్ కలిపి ఆ పొడి చేస్తారు. చౌక, ఖచ్చితం. నిజం చెప్పాలంటే అది లేకపోతే ఇవాళ మనం తినే ధరకి గుడ్డు రాదు. కానీ సేంద్రియం అన్న ముద్ర కావాలంటే ఆ పొడి వాడకూడదు. మన దేశంలో 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నియమాలు విడి అమైనో ఆమ్లాలని ఒప్పుకోవు. యూరప్ కూడా ఒప్పుకోదు. 2022 నుంచి అక్కడ గుడ్లు పెట్టే కోళ్లకి నూటికి 5 పాళ్లు సేంద్రియం కాని ప్రోటీన్ కలుపుకునే వెసులుబాటు కూడా పోయింది. అమెరికా మాత్రం టన్నుకి 2 పౌండ్ల దాకా కళ్లు మూసుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. హెక్సేన్ అనే రసాయనంతో నూనె పిండేసిన సోయా చెక్క, అదే మిల్లుల భాషలో డీఓసీ, సేంద్రియ దాణాకి పనికిరాదు. నూనె గానుగలోనో ఎక్స్‌పెల్లర్‌లోనో ఆడి తీసినదై ఉండాలి.

పెద్దాయన పాక అరుగు మీద ఓ పాత లెక్కల పుస్తకం ఉంటుంది. అందులో 100 పాళ్ల లెక్క ఇలా రాసుకున్నాడు: మొక్కజొన్న 30, సజ్జలు 20, వేయించిన సోయా 12, తెలకపిండి 10, పొద్దుతిరుగుడు చెక్క 8, తవుడు 8, కాల్షియానికి గుల్ల 9, పురుగులు ఎండు లెక్కన 3. ఉప్పు, ఖనిజాలు వేరే. పక్కన ఒక్కోదానికీ మెథియోనిన్ ఎంత వస్తుందో పెన్సిలుతో వేసుకున్నాడు. నేను ఇంటికొచ్చి పట్టికలు తిరగేసి మళ్లీ లెక్క కట్టాను. పెట్టకి రోజుకి సుమారు 400 మిల్లీగ్రాములు వచ్చింది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో చెప్పింది 300. ఇప్పటి గుడ్ల జాతులకి కంపెనీల కరదీపికలు అడిగేది దగ్గరదగ్గర 400. అదే మొక్కజొన్న, సోయా చెక్కలతోనే 100 పాళ్లు నింపి చూశాను. తెల్లపొడి లేకుండా 300 దగ్గరే తచ్చాడింది. పైకి లాగాలంటే సోయా ఇంకా ఇంకా వెయ్యాలి. వేస్తే ప్రోటీన్ పొర్లిపోతుంది, ఊక తడుస్తుంది, కంపు మొదలవుతుంది.

ఆ 400లో అన్నిటికన్నా పెద్ద వాటా దేనిదో ఊహించలేకపోయాను. తెలకపిండిది. మేతలో పదోవంతు ఉన్న నువ్వుల చెక్క మెథియోనిన్‌లో నూటికి 30 పాళ్లు మోస్తోంది. సోయా చెక్కలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు దీనిలో ఉంటుంది. కానీ దీనిలో లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బాగా తక్కువ. సోయాలో అదే పుష్కలం. ఒకదాని లోటు దగ్గర రెండోది సరిగ్గా వచ్చి కూర్చుంటుంది.

“ఇది నేను కనిపెట్టింది కాదండి. మా అమ్మ బాలింతలకి పెట్టేది కదా తెలకపిండి, మునగాకు, పప్పు! ఆషాఢం వస్తే మాకూ పెట్టేది. మిల్లులో చేరాక గానీ ఆ కూర లెక్క నాకు తెలీలేదు.”

కందిపప్పులో, మునగాకులో లైసిన్ బాగుంటుంది, నువ్వుల్లో మెథియోనిన్. ఆ తల్లికి పట్టికలు తెలియవు. పట్టికలు తెలిసినవాళ్లకి ఆ కూర తెలిసినా, రెంటినీ ఒకచోట పెట్టి చూసే తీరిక ఉండదు.

ఇక్కడ పనితనం ఎక్కడుందో చెప్తాను. తెలకపిండి కొనేటప్పుడు ఆయన బస్తా మూతి దగ్గరది ముట్టుకోడు. చెయ్యి లోపలికి పోనిచ్చి, నడిమి నుంచి ఒక ముక్క లాగి, విరిచి, నాలిక మీద వేసుకుంటాడు. గానుగ చెక్కలో నూనె ఇంకా మిగిలి ఉంటుంది. అది బలమే, కానీ నిలవుంటే మక్కిపోతుంది. మక్కిన చెక్క గొంతులో గీరినట్టుంటుందట. చేదుంటే పొట్టు ఎక్కువని అర్థం. ఆ పొట్టులోనే ఆక్సలేట్లు ఉంటాయి. చెక్కలో ఫైటేట్లు వేరే. రెండూ కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. మొదటి ఏడాది ఈయన మెథియోనిన్ మోజులో తెలకపిండి 18 పాళ్లకి తీసుకెళ్లాడు. ఈకలు నిగనిగలాడాయి. మూడో వారానికి అట్టలో గుడ్డు వేలితో నొక్కితే సొట్టపడింది. గుడ్డుకి పెంకు తిరిగి గట్టిపడడానికి గుల్ల పెంచితే సరిపోలేదు, చెక్కే తగ్గించాల్సొచ్చింది. 10 అన్న అంకె అలా, విరిగిన గుడ్ల లెక్క మీద తేలింది. దాన్ని మిల్లు పుస్తకంలోంచి ఎత్తి రాసుకోలేదు.

సోయా వేయించడం మరీ చూడముచ్చటైన పని. పచ్చి సోయాలో ప్రోటీన్ జీర్ణం కానివ్వని ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. వేడి తగలాలి. కానీ ఎక్కువ తగిలితే గింజ నల్లబడి, అందులోని లైసిన్ చక్కెరలతో ముడిపడిపోయి కోడికి అందదు. దేనికోసం సోయా వేశామో అదే మాడి పోతుంది. ఆదిలాబాద్ వైపు నుంచి తెప్పించిన సేంద్రియ సోయాని ముందు నీళ్లు చిలకరించి ఓ పూట ఉంచుతాడు. తర్వాత ఇసుక పోసిన ఇనప మూకుడులో, పేలాలు వేయించినట్టు వేయిస్తాడు. ఇసుక వల్ల వేడి గింజకి నాలుగు వైపులా సమంగా తగులుతుంది. గింజ విరిస్తే లోపల పచ్చి పసుపు పోయి గోధుమ ఛాయ తొంగి చూడాలి, పచ్చి చిక్కుడు వాసన పోవాలి. అక్కడ దించెయ్యాలి. ఆ క్షణానికి ఆయన దగ్గర ధర్మామీటరు లేదు. ఒక గింజ పంటి కింద పెట్టుకోవడమే.

సజ్జలు ఎందుకంటే, మొక్కజొన్నకన్నా వీటిలో ప్రోటీన్, మెథియోనిన్ కాస్త ఎక్కువ. పొద్దుతిరుగుడు చెక్క కూడా మెథియోనిన్‌కే, పీచు ఎక్కువ గనక 8 దగ్గర ఆగుతుంది. వేరుశనగ చెక్క ఆయన ముట్టడు. మెథియోనిన్, లైసిన్ రెండూ తక్కువ, పైగా బూజు పట్టిందంటే అఫ్లటాక్సిన్ భయం.

కొత్త ప్రోటీన్లంటూ ఇప్పుడు పత్రికల్లో కనపడేవన్నీ ఆయన ఓసారి పరీక్షించి చూసినవే. ఎండుచేప పొడికి మెథియోనిన్‌లో తిరుగులేదు. కొంచెం మోతాదు దాటితే గుడ్డుకి నీచు వాసన. అజొల్లా మడి పాక పక్కన ఇప్పటికీ ఉంది. దాని ఆకుల బొరియల్లో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోంచి నత్రజని పట్టి తెస్తుంది, ఎరువు ఖర్చు లేదు. కానీ అందులో నూటికి 93 పాళ్లు నీళ్లు. పెట్ట రోజుకి 50 గ్రాములు తిన్నా ఒంటికి పట్టే ప్రోటీన్ గ్రాముకి లోపే. “సొన రంగుకి బావుంటుందండి, ప్రోటీన్ పేరు చెప్పి అమ్మకూడదు,” అని కొట్టిపారేశాడు. హిందూపురం పట్టు తీసే చోట్ల మిగిలే ప్యూపా మీద ఆయనకి మనసుంది. ఎండితే సగానికి పైగా ప్రోటీనే, మెథియోనిన్ కూడా దండి. మల్బరీ తోట సేంద్రియమని రాసిచ్చేవాళ్లు దొరక్క ఆగిపోయాడు.

ఇక పురుగులు. తొలకరికి ఉసిళ్ళు లేస్తే పెరట్లో కోళ్లు పిచ్చెక్కినట్టు ఎగరడం చూసినవాళ్లకి ఇది వింతేం కాదు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పాత కుండలో తడిపిన గోనె ముక్కలు, ఎండు పేడ కుక్కి చెదలు తిరిగే చోట బోర్లించేదట. మర్నాడు కుండ ఎత్తి కోడిపిల్లల ముందు దులిపేది. బుర్కినా ఫాసో, టోగో పల్లెల్లో కూడా కోడిపిల్లలకి ఇలా కుండతోనే చెదలు పడతారు.

ఇప్పుడు ఆ కుండ స్థానంలో ఓ చెక్కపెట్టె ఉంది. అందులో పెరిగేది బ్లాక్ సోల్జర్ ఈగ పురుగు. ఈగ అన్నామని మూతి ముడుచుకోవద్దు. ఇది అన్నం మీద వాలదు, ఇంట్లోకి రాదు, రెక్కలొచ్చాక బతికే ఆ వారం పది రోజులూ దాదాపు ఏమీ తినదు. తిండంతా పురుగు దశలోనే, రెండు మూడు వారాల్లో ముగించేస్తుంది. తల్లి ఈగ కుళ్లు మీద గుడ్లు పెట్టదు. దాని వాసన తగిలే దూరంలో, పొడిగా ఉన్న సందు వెతుక్కుంటుంది. అందుకని పెట్టె మూత కింద అట్టపెట్టె ముక్కలు, గాడులు కిందికి ఉండేలా వేలాడదీశాడు. ఒక్కో గాడిలో వందలకొద్దీ గుడ్లు, మీగడ రంగులో.

పెట్టెలో తోటలోని అరటి తొక్కలు, కూరగాయల తుక్కు, తవుడు. మాంసం పడనివ్వడు. అడుగున ఊట దిగడానికి గొట్టం. పెట్టె కాళ్లు నాలుగూ నీళ్ల మూకుళ్లలో, మనం పాలగిన్నె చీమలు పట్టకుండా పళ్లెంలో పెట్టినట్టు. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. నేను అరగంట కూర్చుని చూసింది పెట్టెకి ఓ పక్క లోపలినుంచి పైకి వాల్చిన పలక.

పురుగు తిండి ముగించుకున్నాక రంగు నల్లబడుతుంది, తినడం మానేస్తుంది, కడుపు ఖాళీ చేసుకుంటుంది. తినడానికి పనికొచ్చిన నోరే పాకడానికి కొక్కెంలా మారుతుంది. అప్పుడు దానికి ఒక్కటే యావ: తడి వదిలి ఎక్కడైనా పొడి చీకటి చోటుకి పోవాలి. ఎక్కువగా రాత్రుళ్లే బయల్దేరుతుంది. ఈయన పలక ఆ ప్రయాణానికి బాట. ముందు రేకు వేశాడు. తడిసి జారాయి. తర్వాత టేకు ముక్క వేసి, గరుకు ఉండేలా రంపం గీట్లు అలాగే వదిలేశాడు. మరీ నిటారుగా ఉంటే పడిపోయాయి, మరీ వాలితే తడి మేత కూడా వెంట జారి పిల్ల పురుగులు ఎక్కేశాయి. 40 డిగ్రీలకి అటూ ఇటూగా ఆగింది. పలక చివర అంచు, కింద నల్లగుడ్డ కప్పిన బకెట్టు. తెల్లారి గుడ్డ తీస్తే కిలోకి అటూ ఇటూ పురుగులు, కడుక్కుని వచ్చినట్టు శుభ్రంగా ఉన్నాయి. కోత లేదు, జల్లెడ లేదు. పంటే నడిచొచ్చి బకెట్టులో దూకింది. ఓ గుప్పెడు మళ్లీ పక్క డబ్బాలో పొడి ఊక మీద పోశాడు, రేపటి ఈగల కోసం.

ఎండిన పురుగులో నూటికి 40 పైన ప్రోటీన్, 30 దాకా కొవ్వు. ఆ కొవ్వులో ఎక్కువది మన కొబ్బరినూనెలో ఉండే లారిక్ ఆమ్లమే. కాల్షియం కూడా బాగానే ఉంటుంది. ఇంత చేసినా, ఆయన పుస్తకం ప్రకారం మెథియోనిన్‌లో పురుగు వాటా నూటికి 6 మాత్రమే. పురుగు వచ్చింది, సోయా పని అయిపోయింది అని రాసే వ్యాసాలు చదివి వచ్చిన నాకు ఆ అంకె దగ్గర కాస్త సిగ్గేసింది. మరి ఈ పెట్టె, పలక, నీళ్ల మూకుళ్లు దేనికి బాబాయ్ గారూ అని అడిగాను.

“తూకానికి కాదండి. పొద్దుగడపడానికి.”

పొద్దున ఓ గుప్పెడు, మధ్యాహ్నం ఓ గుప్పెడు, ఊకలో అక్కడక్కడ చల్లుతాడు. పెట్టకి మొత్తం 10 గ్రాములు. బతికున్న పురుగు ఊకలోకి దూరిపోతుంది. దాన్ని పట్టడానికి పెట్ట గంటలకొద్దీ గీరుతుంది. ఊక తిరగబడి ఆరుతుంది. ఆ గీరే ముక్కు పక్క కోడి వీపు మీదకి పోదు. నెదర్లాండ్స్‌లో ముసలి పెట్టలకి ఇలాగే బతికున్న పురుగుల్ని ఇచ్చి చూసినప్పుడు ఈకల పరిస్థితి మెరుగ్గా ఉందని తేలింది. ఎండబెట్టి పొడిచేసి మేతలో కలిపితే ఈ లాభం పోతుంది. అంటే ఆ 3 పాళ్లు దాణాలో భాగమే, కానీ వాటి పని సగం పట్టికలకి అందేది కాదు. వంద పెట్టల్లో ఒక్కదానికీ ముక్కు కత్తిరించలేదు. వీపు బోసిపోయినది నాకు ఒకే ఒకటి కనపడింది. అది ఈకలు రాల్చుకుంటున్న పాత పెట్టట.

సాయంత్రం మేత తొట్ల దగ్గర ఆయన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. పెట్టలు అప్పటికి గుల్ల గిన్నె చుట్టూ మూగాయి. రాత్రి పెంకు పోతకి కాల్షియం కావాలని వాటికెవరూ చెప్పలేదు, పొద్దు వాలితే అటే పోతాయి. ఆయన తొట్టి అడుగున మిగిలిన పొడిని వేలితో తీసి, అరచేతిలో పోసుకుని, దీపం కింద చూశాడు. కోడి ముక్కుకి నలుసు పెద్దది దొరికితే చిన్నది ముట్టదు. ముందు మొక్కజొన్న ముక్కలు ఏరుకుంటుంది. అడుగున మిగిలే మెత్తటి పొడి తెలకపిండిదే. అంటే పుస్తకంలో 10 ఉన్నా కోడి పొట్టలోకి 7 పోయి ఉండొచ్చు.

“రేపు మొక్కజొన్న ఇంకాస్త సన్నంగా ఆడించాలి,” అని ఆ పొడిని గిన్నెలోకి దులిపాడు. దాని మీద కాసిన్ని నీళ్లు చల్లి, వేళ్లతో ఉండలు కట్టకుండా కలిపి, మూత పెట్టాడు. తెల్లారి అన్నిటికన్నా ముందు ఆ ముద్దే వేస్తాడట, ఆకలి మీద ఉన్నప్పుడు ఏరుకునే ఓపిక వాటికుండదు కనక.